యూనుస్ తొక్కిన జనరేటర్

మూడు నెలలుగా యూనుస్‌కి మనసులో స్థిమితం లేదు.

సూఫీ ఫకీరు హమీద్ షా దగ్గర శిష్యుడిగా చేరిన కొత్తలో గురువు అతన్ని నలభై రోజులు ఇసుకదిబ్బ మీది పాకలో ఒంటరిగా ఉంచాడు. అక్కడ అల్లా పేరు తలుచుకోవడం ఊపిరి తీసుకున్నంత సులువుగా ఉండేది. ఎప్పుడు తెల్లారిందో, ఎప్పుడు పొద్దుగూకిందో కూడా తెలిసేది కాదు.

ఆ తర్వాత గురువు అతన్ని దర్గా వంటపనిలో పెట్టాడు. ఇక చూసుకో. వచ్చేపోయేవాళ్లకి వడ్డించడం, జబ్బు పడినవాళ్లని ఆస్పత్రికి తీసుకుపోవడం, బోరింగు దగ్గర ఆడవాళ్ల తగాదాలు తీర్చడం. ఇవన్నీ అయ్యాక తస్బీ పట్టుకుని కూర్చుంటే పది పూసలు తిరగకముందే కళ్లు మూతపడేవి. ఒకప్పుడు హాయిగా సాగిన జపం ఇప్పుడు బండ లాగినట్టుండేది.

ఉదయగిరి కొండ మీద మనుషులు తిరగని గుహ ఒకటుందని ఎవరో చెప్పారు. అక్కడికి వెళ్లిపోవాలని యూనుస్ నిశ్చయించుకున్నాడు. గురువుగారిని అడగడానికి నోరు రాక రోజులు గడుపుతుండగానే తుఫాను వచ్చింది.

వాళ్లుండేది నెల్లూరు తీరంలో చేపలు పట్టేవాళ్ల పల్లె. గాలికి కరెంటు స్తంభాలు వరసగా ఒరిగిపోయాయి. సరుగుడు చెట్లు రోడ్డుకి అడ్డంగా పడ్డాయి. మూడో రోజు పొద్దున సహాయం చేసేవాళ్లు కొందరు పడవ మీద వచ్చి బియ్యం, బ్రెడ్డు దించారు. వాటితోపాటు సూట్‌కేసంత పెట్టె ఒకటి ఇచ్చారు. దానికి రెండు పెడళ్లున్నాయి. ఎదురుగా కుర్చీ వేసుకుని తొక్కితే కరెంటు పుడుతుందనీ, చిన్న చిన్న మిషన్లు నడుస్తాయనీ చెప్పి, పక్క పల్లెకి వెళ్లిపోయారు.

హమీద్ షా ఆ పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. వాకిట్లో నిలబడ్డ ఒకతన్ని పిలిచి, "పోలయ్యని తీసుకురమ్మని ఏకాంబరమ్మకి చెప్పు. ఆవిరి మిషను కూడా తెమ్మను" అన్నాడు.

ఏకాంబరమ్మ మొగుడు పోలయ్యకి ఉబ్బసం. ఆస్పత్రివాళ్లిచ్చిన ఆవిరి మిషను ఇంట్లోనే ఉంది, కరెంటే లేదు. తుఫాను వచ్చిన దగ్గర్నుంచి ఆయన పడుకోలేక గోడకి చేరగిలబడి కూర్చునే ఉన్నాడు.

"యూనుస్, వాళ్లొచ్చేలోగా ఇది తిరుగుతుందో లేదో చూడు" అన్నాడు గురువు.

యూనుస్ కుర్చీ వేసుకుని తొక్కాడు. రెండు తొక్కులకే పెడళ్లు గిరగిరా తిరిగాయి. ఆ లయకి తగ్గట్టు పెదవుల మీదికి అల్లా పేరు దానంతటదే వచ్చింది. ఎన్నాళ్లకో! అతని మొహం విచ్చుకుంది. అడగడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదనిపించింది.

"హజ్రత్, నన్ను కొండకి పంపండి. ఇక్కడ నా జపం సాగడం లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఎంతో తేలిగ్గా ఉండేది."

"ఇది తొక్కడం ఎలా ఉంది?"

"చాలా తేలిగ్గా ఉంది హజ్రత్. సాయంత్రం దాకా అయినా తొక్కుతాను."

గురువు ఇంకేదో అనబోయేలోగా వాకిట్లో అలికిడైంది. ఇద్దరు మనుషులు పోలయ్యని నులక మంచం మీద మోసుకొచ్చారు. ఆయన పెదాలు నల్లబడ్డాయి. మెడనరాలు తాళ్లలా బిగుసుకుని ఉన్నాయి. ఏకాంబరమ్మ మిషన్ని చీరకొంగులో చుట్టుకుని వెనకే పరుగెత్తుకొచ్చింది.

"పిలిస్తే పలకడం లేదు సామీ!"

హమీద్ షా మిషన్లో మందు పోయించాడు. మూతి తొడుగు పోలయ్య మొహానికి పెట్టించి, తన చేత్తో ప్లగ్గు గుచ్చాడు.

యూనుస్ కాళ్లు ఒక్కసారిగా ఆగిపోయినంత పనైంది. పెడళ్లని కింద నుంచి ఎవరో పట్టుకున్నట్టుంది.

"హజ్రత్, ఎక్కడో పట్టేసింది! ఒక్కసారి చూడండి."

"ఏమీ పట్టెయ్యలేదు, మిషను కరెంటు లాగుతోంది. తొక్కు."

యూనుస్ నడుం వంచి తొక్కాడు. మిషను గుర్రుమంది. తొడుగు అంచుల్లోంచి తెల్లగా ఆవిరి వచ్చింది. కాస్త నెమ్మదిస్తే ఆవిరి పలచబడేది, పోలయ్య వేళ్లు మంచంపట్టెని బిగించి పట్టుకునేవి. ఏకాంబరమ్మ యూనుస్ మోకాళ్ల వంక చూసేది. అతను మళ్లీ జోరు పెంచేవాడు. పిక్కలు మండిపోయాయి. చెమట కళ్లలోకి కారింది, తుడుచుకోలేదు. పెదవుల మీద ఏ పేరూ లేదు. ఆ ముసలాయన డొక్కలు ఎగిసిపడడం తప్ప ఇంకేదీ కనబడలేదు.

పావుగంటకి పోలయ్య వేళ్లు సడలాయి. మెడ వాలింది. ఏకాంబరమ్మ ఉలిక్కిపడి వంగి చూసింది. ఆయన తొడుగు పక్కకి తీసి, "నీళ్లియ్యవే" అన్నాడు.

ఆమె మంచం పక్కనే కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

హమీద్ షా ప్లగ్గు పీకేశాడు. యూనుస్ ఇంకా అంతే బలంగా తొక్కుతున్నాడేమో, మెట్టుందనుకుని అడుగేస్తే లేనట్టు కాళ్లు జారిపోయాయి. పెడళ్లు వాటంతటవే గిరగిరా తిరిగాయి. అతను వాటిని ఆపేశాడు.

"ఎందుకాపావు?" అన్నాడు గురువు. "తేలిగ్గానే ఉంది కదా."

యూనుస్ తల తిప్పి ఏకాంబరమ్మని అడిగాడు.

"మళ్లీ ఎప్పుడు పెట్టాలమ్మా?"