పుట్టి మోయలేని పన్ను

రాజ్యంలో పడవల పన్నులు మార్చాలని రాజుగారు శంభుభట్టు అనే పండితుణ్ణి పిలిపించారు. "నావైనా పుట్టైనా నీళ్ళ మీద తేలేదేగా! అన్నిటికీ ఒకటే పన్ను వేస్తే గొడవ ఉండదు" అన్నాడాయన. సగంమంది మంత్రులు భేష్ అన్నారు, సగంమంది తప్పన్నారు. మూడు రోజులైనా వాదన తెగక, రాజుగారు రేవులోనే సభ పెట్టారు.

పుట్టి నడిపే ఓబులమ్మ తెడ్డుతో సహా ముందుకొచ్చింది. వెదురుతో అల్లి తోలు తొడిగిన ఆ గుండ్రటి బుట్టే ఆమెకు బతుకుతెరువు. నావ పన్ను పడితే దాన్ని అమ్ముకోవాల్సిందే.

"ప్రభూ, పండితులవారి మాటే కానివ్వండి. కాకపోతే ఒడ్డున కట్టేసిన ఆ నావలో ఉన్న ముప్పై బస్తాలూ నా పుట్టిలోకి ఎక్కించండి. అయ్యగారు కూడా ఎక్కితే అవతలి ఒడ్డుకు చేరుస్తాను."

రాజుగారు సరేనన్నారు. ఎనిమిదో బస్తాకే పుట్టి అంచు నీళ్ళకు తాకింది.

"ఎక్కండి అయ్యగారూ" అంది ఓబులమ్మ.

శంభుభట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. "నీకేమైనా పిచ్చా? నావ మోసే బరువు పుట్టి ఎలా మోస్తుంది?"

ఓబులమ్మ కదల్లేదు. "ఆ మాటే రాజుగారి వైపు తిరిగి ఇంకోసారి అనండి."