సెల్లులు ఎండబెట్టిన కనకరత్నం

మనూ, ముందే చెప్తున్నాను తల్లీ. ఈ కథలో ఏది ముందు జరిగిందో, ఏది తర్వాత జరిగిందో అటూ ఇటూ చేస్తానేమో. ఈమధ్య నాకు అలాగే అవుతోంది. అందుకే నీకు చెప్పే ముందు కాగితం మీద రాసుకుంటున్నాను. నీ కొత్త ఆట డబ్బాలో పాత ఆటలన్నీ లోపలే ఉంటాయట కదా, మీ నాన్న చెప్పాడు. ఇటుకలు పడే ఆట కూడా ఉందన్నాడు. ఆ మాట వినగానే నాకు ఈ కథ గుర్తొచ్చింది. డబ్బా పక్కన పెట్టి ఇటు తిరిగి పడుకో.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక మగ్గాల ఊరు. ఆ ఊళ్ళో మా పక్కింట్లో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు ఉండేవారు. పెద్దది చౌడేశ్వరి, చిన్నది కనకరత్నం. అక్కడ నేసే చీరకి ఒక మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. కుడివైపు పువ్వులు ఒకరు వేస్తే, ఎడమవైపు పువ్వులు ఇంకొకరు వేస్తారు. ఈ ఇంట్లో కుడివైపు అక్క, ఎడమవైపు చెల్లెలు.

ఒకసారి వాళ్ళ నాన్న కాకినాడ ఎగ్జిబిషన్‌కి వెళ్ళి ఒక ఆట డబ్బా తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాని మీద తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆటలు అని రాసి ఉంది. తీరా చూస్తే అన్నీ ఆ ఇటుకలే. ఒక ఆటలో మెల్లగా పడతాయి, ఇంకో ఆటలో గబగబా పడతాయి, అంతే తేడా.

అప్పుడు అక్కాచెల్లెళ్ళు వంతులేసుకుని ఆడారు. చౌడేశ్వరి వేళ్ళు పోగులు ఏరీ ఏరీ చురుకెక్కిన వేళ్ళు కదా, ఒక సాయంత్రం పద్దెనిమిది వేల ఆరు వందలు కొట్టింది. ఆ అంకె డబ్బా పైన మూలకి ఎక్కి కూర్చుంది. ఆపినా, మళ్ళీ పెట్టినా, అది అక్కడే ఉండేది.

ఆ తర్వాత చౌడేశ్వరికి పెళ్ళయింది. పెళ్ళికొడుకు సూరత్‌లో మర మగ్గాల మీద పని చేసేవాడు. బస్సెక్కబోతూ చౌడేశ్వరి చెల్లెలితో, "నా అంకె జాగ్రత్తే. వచ్చినప్పుడు చూసుకుంటాను" అంది.

"ఈలోపు నేను దాటేస్తే?" అంది కనకం.

"నీ మొహం. ముందు జడ సరిగ్గా వేసుకోవడం నేర్చుకో."

బస్సు వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి మగ్గం మీద కుడివైపు వాళ్ళమ్మ కూర్చుంది. అమ్మ మోచెయ్యి తగిలినప్పుడల్లా కనకం అక్కే అనుకుని అటు తిరిగేది. తిరిగి, మళ్ళీ పోగుల మీదకి చూపు దించుకునేది. పని దిగాక డబ్బా తీసి, అంకె ఉందో లేదో చూసుకుని, మళ్ళీ ఆపేసేది. ఉంటే ఆ రోజుకి అక్క ఇంట్లో ఉన్నట్టే.

అప్పుడు ఏమైందంటే, గోడ గడియారం ఆగిపోయింది. వాళ్ళమ్మ, "ఆ ఆట డబ్బాలో సెల్లు ఒకటి తీసి ఇలా ఇవ్వవే. నువ్వెలాగూ ఆడవు, ఊరికే చూస్తావు" అంది. కనకం డబ్బా పమిట చాటున దాచుకుని, ఎండలో కొట్టుదాకా నడిచివెళ్ళి గడియారానికి కొత్త సెల్లు తెచ్చింది. వాళ్ళమ్మ దాని కాళ్ళకంటిన ఇసుక చూసి, కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది.

ఆ తర్వాత ఒక ఆదివారం కనకానికి ఆడాలని బుద్ధి పుట్టింది. ఆడింది. ఆ రోజు వేళ్ళు తమంతట తామే కదిలాయి. పదిహేను వేలు దాటింది, పదిహేడు దాటింది. పద్దెనిమిది వేల నాలుగు వందలు అయ్యేసరికి కనకం పై మూలనున్న అక్క అంకె వైపు చూసింది. ఇంకో మూడు వరసలు చెరిపితే అక్క అంకె పోయి తన అంకె వస్తుంది. కనకం వేళ్ళు తీసేసింది. ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేరుకుని పైదాకా వచ్చి ఆట అయిపోయింది. అక్క అంకె అక్కడే ఉంది. కనకం డబ్బా దిండు కింద పెట్టి పడుకుంది.

ఆ తర్వాత వానాకాలం పోయి చలికాలం వచ్చింది. డబ్బాలో అంకెలు మసకబారాయి. సెల్లులు నీరసపడ్డాయని కనకానికి తెలిసింది. మా ఊళ్ళో అందరం ఏం చేసేవాళ్ళమో తెలుసా? సెల్లులు నీరసపడితే తీసి ఎండలో పెట్టేవాళ్ళం. వడియాల పక్కన, మిరపకాయల పక్కన పెడితే సాయంత్రానికి ఓపికొచ్చి ఇంకో నాలుగు రోజులు పనిచేసేవి. మా ఇంట్లో రేడియో అలాగే పాడేది.

కనకం కూడా అదే చేసింది. అంకె చెరిగిపోకూడదని, పొద్దున్నే సెల్లులు తీసి, పొడిగుడ్డతో తుడిచి, అరుగు మీద చాప చివర పెట్టింది. కాకులు ఎత్తుకుపోకుండా కాపలా కూర్చుంది. ఎండ జరిగితే సెల్లులు జరిపింది. సాయంత్రం వేడివేడిగా ఉన్నవాటిని డబ్బాలో పెట్టి మీట నొక్కింది.

అంకెలు నల్లగా నిగనిగలాడుతూ వచ్చాయి. అన్నీ సున్నాలే.

సెల్లులు తీస్తే ఆ అంకె పోతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. పాపం, కనకం తన చేతులతో తనే తీసింది. అన్నం తినకుండా మగ్గం కింద గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. వాళ్ళమ్మ వచ్చి, "అక్కకి ఒక కార్డు ముక్క రాసి పడెయ్యి. అదేం తిడుతుందా ఏంటి" అంది.

అప్పుడు కనకం కార్డు రాసింది. "అక్కా, నీ అంకె పోగొట్టాను" అని ఒకటే మాట.

పన్నెండు రోజులకి సూరత్ నుంచి జవాబొచ్చింది. "పోతే పోయిందిలే. ఇక్కడ నేనూ ఒక డబ్బా కొనుక్కున్నాను. నువ్వు మొదట్నించీ ఆడు. నీకెంతొచ్చిందో రాయి. నాది నేను రాస్తాను."

కనకం ఆ రాత్రి కడుపునిండా తింది. మర్నాడు ఆడి, మూడు వేల ఏడు వందలని రాసింది. అక్క దగ్గర్నించి మూడు వేల తొమ్మిది వందలని వచ్చింది. కనకం పళ్ళు కొరుక్కుని ఆరు వేలు కొట్టింది. అక్క ఆరు వేల మూడు వందలంది. అలా రెండేళ్ళు కార్డులు నడిచాయి. కనకం ఎంత కొట్టినా అక్క ఒక్క మెట్టు పైనే ఉండేది. కార్డు వచ్చిన రోజు కనకం మగ్గం మీద పాడుకునేది. రాని వారం పోస్టుమేన్ సైకిలు సందు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చేది.

ఆ తర్వాత చౌడేశ్వరికి నెలలు నిండాయి. రైలు ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పిందట. అందుకని వాళ్ళమ్మా, కనకమే సూరత్ వెళ్ళారు.

ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఒక మూల మంచం, తాడు మీద బట్టలు. కనకం గూళ్ళన్నీ వెతికింది. పెట్టె వెనక చూసింది. వాళ్ళమ్మ నీళ్ళకి వెళ్ళాక అడిగింది.

"అక్కా, నీ ఆట డబ్బా ఏదీ?"

"ఏం డబ్బా?" అంది చౌడేశ్వరి. అంతలోనే గుర్తొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇక్కడ నాకు వంటకే తీరదు. ఆట ఎక్కడే పిచ్చిదానా?"

"మరి కార్డుల్లో అంకెలు?"

"నీ కార్డు వచ్చాక చూసి, దానికో రెండు మూడు వందలు కలిపి రాసేదాన్ని."

కనకం మొహం ఎర్రబడింది. "రెండేళ్ళు నన్ను ఓడించావు కదే, ఒక్క ఆట కూడా ఆడకుండా."

చౌడేశ్వరి నవ్వడం ఆపింది. చెల్లెలి చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టుకుంది.

"నువ్వు గెలిచేశావనుకో కనకం. ఇంక నాకు ఉత్తరం రాస్తావా?" అంది.

కనకం అలిగినట్టు మొహం తిప్పుకుంది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

పాప పుట్టింది. మూడో నెల దాకా ఉండి వాళ్ళమ్మా, కనకమూ ఊరికి తిరిగొచ్చారు. వచ్చిన రోజే కనకం ఒక కార్డు రాసింది. అందులో అంకె లేదు. రైల్లో ఏం తిన్నారో, మగ్గానికి దుమ్ము ఎంత పట్టిందో, అమ్మ మోచెయ్యి తగిలితే తను ఎటు తిరుగుతుందో, అన్నీ రాసింది. చోటు చాలక అడ్రసు పక్కన కూడా చిన్న చిన్న అక్షరాలతో రాసింది.

కథ వెళ్ళింది కంచి దాకా,
మనం వెళ్దాం మంచం దాకా.
నువ్వు కళ్ళు మూసేదాకా
నేనుంటాలే నీ దగ్గరగా.

చెల్లీ సూర్యావతీ, ఇది మనూకి చెప్పే ముందు నువ్వొకసారి చూడు. పెద్దదాని పేరు చౌడేశ్వరే కదూ? చిన్నది కనకరత్నమా, కనకమహాలక్ష్మా? వాళ్ళమ్మ పేరు ఎక్కడా రాయలేదు, గమనించావా? పదకొండేళ్ళు పక్కపక్క ఇళ్ళలో ఉన్నాం, రోజూ ఆవిణ్ణి పేరుపెట్టి పిలిచేదాన్ని. నీకు గుర్తుంటే ఇక్కడ, ఈ ఖాళీలో రాసి పంపు.