గడ్డికొండ మట్టి

అమ్మలారా, అయ్యలారా, కాస్త ముందుకు జరగండి. ఇది గడ్డికొండ సుంకమ్మ తల్లి ముచ్చట.

ఆ తల్లి శిష్యుడు లింగమూర్తికి ఒకటే దిగులు. వానొస్తే మఠం కప్పు కారుతుంది. ముసలి తల్లి గోనెపట్టా కప్పుకుని మూల కూర్చుని జపం చేసుకుంటుంది. చూడలేకపోయేవాడు.

ఇంతలో ఒక క్వారీ కంపెనీ వచ్చింది. మఠం చుట్టూ ఉన్న ఎనభై ఎకరాల గడ్డినేల ఇస్తే పక్కా కప్పు వేయిస్తామంది. తవ్వకం అనుమతికి కావాల్సిన కాగితం లింగమూర్తే రాశాడు: 'ఈ నేలలో ప్రాణమున్నదేదీ లేదు.' ఇక తల్లి వేలిముద్రే తరువాయి.

"రాసినవాడివి నువ్వు. మట్టి పట్టి చెప్పు" అంది తల్లి. ఆ మఠంలో ప్రమాణమంటే అదే.

"చెప్తానమ్మా! ఈ బూడిదలో బతికేదేముంది?" అంటూ, నడి వేసవి ఎండకు బాగా కాలిన చోటు చూసి మరీ పిడికెడు తవ్వి తెచ్చాడు.

"ఆగరా" అని తల్లి ఆ మట్టిని గుడ్డలో మూటకట్టి, గాజుగ్లాసు నీళ్ళలో మునిగేట్టు వేలాడదీసింది. "రేపు చెబుదువులే."

పొద్దున్నే గ్లాసును ఎండకు ఎత్తి చూపించింది. అడుగున వెంట్రుక కన్నా సన్నటి పోగులు. మెలికలు తిరుగుతున్నాయి!

"నీళ్ళలో పురుగులమ్మా ఇవి. మన కుండ తోమి ఎన్నాళ్ళయిందో!"

"అట్లయితే నువ్వే తోముకో."

లింగమూర్తికి పంతం వచ్చింది. నీళ్ళు, గుడ్డ తన చేత్తోనే మరగకాచాడు. ఒక గ్లాసులో ఉత్త నీళ్ళు, ఇంకోదాంట్లో మరోచోటి మట్టి మూట. మర్నాడు ఉత్త నీళ్ళు ఉత్తగానే ఉన్నాయి. మట్టి మూట ఉన్న గ్లాసులో మాత్రం ఆ పరమాత్ముడు మళ్ళీ అవే పోగులు ఆడిస్తున్నాడు.

గ్లాసును మళ్ళీ ఎండకు ఎత్తి చూశాడు వాడు.

"ఇంత ఎండకు ఎట్లా బతికాయమ్మా?"

"వానల్లో వేళ్ళ చుట్టూ సందడి చేస్తాయి. చలికి కాస్త కిందికి దిగుతాయి. ఎండల్లో చుట్ట చుట్టుకుని ఒట్టి నుసిలాగా అయిపోతాయి. చూసినవాడు చచ్చాయనే అంటాడు."

"మరి?"

"'చావం' అని మొండికేశాయి, నాయనా."

ఆ మధ్యాహ్నమే కంపెనీ జీపు వచ్చింది. మేనేజరు దిగుతూనే, "ఏం లింగమూర్తీ, వేలిముద్ర పడిందా?" అన్నాడు.

లింగమూర్తి దారికి అడ్డంగా నిలబడ్డాడు. కాగితం నిలువునా చింపాడు.

"అయ్యో! నువ్వు రాసిందే కదయ్యా!"

"నేనే. అబద్ధం రాశాను."

"కప్పు వద్దా? వానకు తడిసి చస్తారు!"

"తడుస్తాం. చావం."

మేనేజరు తల్లి వైపు తిరిగాడు. "ఏంటమ్మా ఇది? వీడికి ఇంత పొగరా? మీరైనా చెప్పండి."

తల్లి గడప దిగకుండానే అంది: "చెప్పేదేముంది నాయనా? వాడు అన్నదే నా వేలిముద్ర."