ఆదెమ్మ చెవి, పార్వతాలు గొంతు

అనగనగా ఒక ఊళ్ళో, తెల్లారిందంటే చాలు, ఠంగు ఠంగుమని మోగే వీధి ఒకటుండేది. అది కంచరివాళ్ళ వీధి. ఇత్తడి బిందెలూ, కంచు గిన్నెలూ, రాగి చెంబులూ అన్నీ అక్కడే పుట్టేవి. ఇటు తిరిగి పడుకో బంగారం. ఊఁ కొట్టడం మర్చిపోకు మరి.

ఆ వీధిలో ఆదెమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. వయసులో ఉన్నప్పుడు మొగుడి పక్కన కూర్చుని తనూ సుత్తి పట్టి బిందెలు కొట్టిన మనిషి. మొగుడు పోయాక కొడుకులు పని అందుకున్నారు. కానీ తయారైన బిందె బాగుందో లేదో చెప్పాల్సింది మాత్రం ఆదెమ్మే. వేలి కణుపుతో ఒక్కటి కొట్టి వినేది. ఖంగుమందా, మంచిది. బొంగురుగా పలికిందా, కంటికి కనబడని పగులేదో ఉన్నట్టే. పక్క వీధులవాళ్ళు కూడా బిందెలు మోసుకొచ్చి ఆవిడచేత కొట్టించుకునేవాళ్ళు. ఆదెమ్మ చెవి అంటే అంత నమ్మకం. ఆవిడ పరువంతా ఆ చెవిలోనే ఉండేది.

ఆదెమ్మకి ఇద్దరు కోడళ్ళు. పెద్దామె నూకరత్నం, కొత్తగా వచ్చిన చిన్నామె పార్వతాలు. ఇద్దరికీ పాటలొచ్చు. పార్వతాలు గొంతు సన్నం, పైకి పోయేకొద్దీ మెరిసేది. "మా పిల్ల గొంతు కొత్త మరచెంబే" అని వాళ్ళ నాన్న మురిసిపోయేవాడు, ఆయనా కంచరే కదా. కిందికి దిగితే మాత్రం ఆ గొంతు గరగరమనేది.

ప్రతి గొంతుకీ ఒక మేర ఉంటుంది నాన్నా, ఇంత పైకి, ఇంత కిందికి అని. నిచ్చెన అనుకో. పాట ఎత్తుకునే మనిషి ఏ మెట్టు మీద నిలబడి మొదలుపెడితే పక్కవాళ్ళూ అక్కడే నిలబడాలి. దాన్నే శ్రుతి అంటారు. ఆ ఇంట్లో పాట ఎత్తుకునేది పెద్దకోడలు, అది ఆనవాయితీ. అక్కడే వచ్చింది తంటా.

ఒకసారి పక్కింట్లో శ్రీమంతం జరిగింది. అత్తగారిని ముందు కూర్చోబెట్టి నూకరత్నం పాట ఎత్తుకుంది. ఎంత కింద ఎత్తుకుందంటే, పార్వతాలు గొంతు గరగరా గీసుకుపోయింది. పేరంటాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. రోజూ బిందెలు కొట్టి చూసే మనుషులు కదా, గొంతునీ అలాగే చూస్తారు.

"కొత్తకోడలి గొంతులో ఎక్కడో పగులున్నట్టుందే" అని ఒకావిడ అననే అంది.

పార్వతాలు సర్దుకుపోయింది. ఆ తర్వాత ఒక పెళ్ళిలో మంగళహారతి పాడాల్సొచ్చింది. అప్పుడూ అంతే, నూకరత్నం ఇంకో మెట్టు కిందికి దిగింది. అత్తగారు ముందు నడుస్తుంటే, దారిలో పార్వతాలు అడిగింది కూడా. "అక్కా, కొంచెం పైన ఎత్తుకోకూడదేటి?"

నూకరత్నం కొంగు సర్దుకుని, "నా గొంతు అంతేనమ్మా" అంది, ఎటో చూస్తూ.

ఆ ఎటో చూడడం దగ్గరే అనుమానం పుట్టింది. అనుమానమంటే ఇంట్లో దూరిన ఎలక లాంటిది బంగారం. ఒకసారి దూరిందంటే ఇక ప్రతి చప్పుడూ దానిదే అనిపిస్తుంది.

పార్వతాలుకీ అలాగే అయ్యింది. అత్తా, పెద్దకోడలూ తల తలా ఆనించుకుని మాట్లాడుకుంటుంటే, "నా మీదే చాడీలు" అనుకుంది. అత్తగారు బిందె కొట్టబోయి, చెయ్యి నొప్పిగా ఉందంటూ నూకరత్నంచేత కొట్టిస్తుంటే, "నా చెయ్యి మాత్రం పనికిరాదు కాబోలు" అనుకుంది. ఇక తను నోరు విప్పితే చాలు, "ఏటే ఆ గొణుగుడు? మొహాన చెప్పలేవా?" అని అత్తగారు కసురుకునేది. అప్పుడైతే పార్వతాలు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇదంతా నూకరత్నం నూరిపోసిందే, చాప కింద నీరులా పనిచేస్తోంది మహాతల్లి, అని గట్టిగా అనేసుకుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే ఉంటుంది మరి.

అప్పుడొక రోజు ఆదెమ్మ సంతకెళ్ళింది. పెరట్లో నూకరత్నం ఒక్కతే కూర్చుని చింతపండుతో బిందెలు తోముతోంది. తోముతూ తోముతూ పాట అందుకుంది. పార్వతాలు బీరపాదు పందిరి చాటున నిలబడి విన్నది. విని కొయ్యబారిపోయింది. ఆ గొంతు పైకి వెళ్ళింది! హాయిగా, ఎక్కడా తడుముకోకుండా, పార్వతాలు పాడుకునేటంత పైకీ వెళ్ళింది!

"నా గొంతు అంతేనమ్మా" అన్నది ఈ మనిషేనా? అంటే ఇన్నాళ్ళూ కావాలనే కిందికి ఈడ్చింది. వీధి వీధంతా నా గొంతు పగిలిందనుకోవాలని!

పార్వతాలు ఒళ్ళు మండిపోయింది. మొగుడు అప్పలాచారి దగ్గరికి వెళ్ళి, "మనకి వేరు పొయ్యి కావాలి" అంది. ఆయన బతిమాలాడు, నవ్వించబోయాడు, విసుక్కున్నాడు. ఏదీ పనిచెయ్యలేదు. అప్పటికి పార్వతాలుకి నెలలు నిండుతున్నాయి. "సరే, పురుడు పోసుకుని రా. పాపాయిని ఉయ్యాల్లో వేశాక పొయ్యి మట్టి తెస్తాలే" అన్నాడు పాపం.

ఆ తర్వాత పార్వతాలు పుట్టింట్లో ఆడపిల్లని కని, చంకనేసుకుని వచ్చింది. ఆ వీధిలో పిల్ల అత్తింటికి వచ్చాకే ఉయ్యాల వేడుక. నాయనమ్మ ఉయ్యాల పక్కన కూర్చోవాలి, పాట అవుతుండగా పిల్ల చెవిలో పేరు చెప్పాలి. పాట వినకుండా పేరు చెప్పకూడదు.

ముందురోజు ఇద్దరూ పప్పు రుబ్బుతుండగా పార్వతాలు తెగేసి చెప్పింది. "రేపు నా పిల్లకి ఉయ్యాల పాట నేనే ఎత్తుకుంటాను."

నూకరత్నం చేతిలో పొత్రం ఆగిపోయింది. "వద్దు పార్వతాలూ. నా మాట విను."

"ఎందుకొద్దు?"

నూకరత్నం వీధి అరుగు మీదున్న అత్తగారి వంక చూసింది, తల దించుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది, అనుకుంది పార్వతాలు.

తెల్లారింది. ఇల్లంతా పేరంటాళ్ళతో నిండింది. పిల్లని ఉయ్యాల్లో వేశారు. ఆదెమ్మ కొత్తచీర కట్టుకుని ఉయ్యాల తాడు పట్టుకుని కూర్చుంది. నూకరత్నం ఇంకా నోరు తెరవకముందే పార్వతాలు పాట ఎత్తుకుంది. తన మెట్టు మీదే, తనకి నచ్చినంత పైన.

అబ్బ, ఏం పాడిందనుకున్నావ్! పగులుందన్న ఆవిడే బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఓలమ్మో, ఖంగుమంటోందే!" అంది. పార్వతాలు గుండె పొంగిపోయింది. గొంతు ఇంకా పైకి తీసుకెళ్ళింది. అక్కణ్ణించి గర్వంగా అత్తగారి వంక చూసింది.

ఆదెమ్మ గుమ్మం వంక చూస్తోంది. ఆ తర్వాత పేరంటాళ్ళ వంక చూసింది. చేతిలో తాడు కదలడంలేదు.

"ఏటర్రా, ఎంతసేపు? పాట ఎత్తుకోరేటి?" అంది బిగ్గరగా.

పాట ఠక్కున ఆగిపోయింది. అందరూ ఆదెమ్మ వంక తిరిగారు.

"అందరూ నన్నే చూస్తారేం? నా వెనక మీ గుసగుసలు నాకు తెలీవనుకుంటున్నారా? ఇప్పుడు నా ఎదటేనా? నేనేం గడ్డి తిన్నానని!" ఆదెమ్మ తాడు వదిలేసి మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని లేవబోయింది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో, "అయ్యో, ఈవిడకి చె..." అని మొదలుపెట్టారు. నూకరత్నం మొహం తెల్లగా పాలిపోయింది.

అప్పుడు పార్వతాలుకి తెలిసింది. తల తలా ఆనించుకోవడం దేనికో తెలిసింది. అత్తగారు బిందె నూకరత్నంచేత ఎందుకు కొట్టిస్తోందో తెలిసింది. తను గట్టిగా చెప్పినా గొణుగుడెందుకయ్యిందో తెలిసింది. నూకరత్నం చూపు ఎటు పోయేదో కూడా తెలిసింది. అత్తగారికి సన్నటి గొంతు వినబడదు. ఆ సంగతి ఇంకొక్క మాటలో వీధంతా తెలిసిపోబోతోంది.

పార్వతాలు ఆ మాట పూర్తి కానివ్వలేదు. గొంతు బొడ్డు దగ్గర్నించి తెచ్చుకుని, బొంగురుగా, "ఇంకా మొదలెట్టలేదత్తా! గొంతు సవరించుకుంటున్నాను" అంది.

ఆదెమ్మ ఆగింది. "సవరించుకోవడం ఇంతసేపేటే?" అని సణుక్కుంటూ మళ్ళీ కూర్చుంది. ఓహో, ఇందాకటిది ఉత్త సవరింపేనా అనుకుని పేరంటాళ్ళూ సర్దుకున్నారు.

పార్వతాలు పాట మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి కిందికి దిగింది. నూకరత్నం ఎప్పుడూ నిలబడే మెట్టుకే దిగింది. గొంతు గరగరమంది, ఒకచోట పూర్తిగా జీరపోయింది. మెచ్చుకున్న పేరంటాళ్ళే మొహాలు చిట్లించారు. సొంత పిల్ల వేడుకలో, అంతమంది ఎదట! సిగ్గుతో పార్వతాలు ఒళ్ళు కాలిపోయింది. అయినా ఆపలేదు. కొంతసేపటికి పక్కనించి నూకరత్నం గొంతు కలిసి దానికి ఆసరాగా నిలబడింది. ఆదెమ్మ చేతిలో తాడు కదిలింది, తాళం ప్రకారం ఉయ్యాల ఊగింది. చరణం అయ్యాక ఆవిడ వంగి మనవరాలి చెవిలో పేరు చెప్పింది.

పేరంటాళ్ళు వెళ్ళిపోయాక వంటింట్లో పార్వతాలు నూకరత్నం చెయ్యి పట్టుకుంది. "నాకెందుకు చెప్పలేదక్కా?"

"జన్మంతా సుత్తి దెబ్బలు విన్న చెవులే అవి. పిట్ట కూత పోయింది, గాజుల చప్పుడు పోయింది, సన్నటివన్నీ పోయాయి. బొంగురువి ఇంకా అందుతున్నాయి. తన చెవి పోయిందని ఆవిడకే తెలీదు, బిందె మోగకపోతే తన చెయ్యే సరిగ్గా పడలేదనుకుంటోంది, మనమే గొణుగుతున్నామనుకుంటోంది. చెబితే నువ్వు జాలిపడి అరిచి మాట్లాడతావేమో, ఆవిడకి తెలిసిపోతుందేమో అని భయం. నిన్నూ నమ్మలేదే చెల్లీ. తప్పే."

ఆ మాట అంటుండగానే ఆదెమ్మ లోపలికొచ్చింది. తిన్నగా పార్వతాలు దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుంది.

"చిన్నదానా, నువ్వు ఈ ఇంట్లో అడుగుపెట్టాక నీ పాట విడిగా ఇవాళే విన్నానే. ఎంత బాగుందే నీ గొంతు! ఇన్నాళ్ళూ ఎందుకు దాచావే?"

పార్వతాలు అత్తగారి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో వేరు పొయ్యి ఊసు ఎవరూ ఎత్తలేదు.

కథ వెళ్ళె కంచికి,
కునుకొచ్చె కంటికి,
ఊఁ కొట్టిన బంగారమూ నేనూ మన ఇంటికి.