కీలుమైనా, అక్క వంతు

అనగనగా, కథ చెప్పేవాళ్ళకంటే ఊ కొట్టేవాళ్ళు ఎక్కువగా ఉన్న రోజుల్లో, కంకణపురమని ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో ఇంటింటా ఒక కీలుమైనా ఉండేది.

కీలుమైనా అంటే కొయ్యపిట్ట. రెక్కలకు రాగిరేకు, కడుపులో తోలుతిత్తి. కీలు తిప్పి దాని చెవిలో ఏమి చెబితే అది దాచుకుంటుంది. గొంతు నిమిరితే, చెప్పినవాళ్ళ గొంతుతోనే తిరిగి చెబుతుంది. రాజుగారు దానిచేత తన పొగడ్తలు తానే పలికించుకుని మురిసేవారు. పిల్లలు దానికి కుక్క అరుపు నేర్పి పిల్లులను తరిమేవారు. ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చే మొగుళ్ళ భుజాన ఇల్లాళ్ళు మైనాను కూర్చోబెట్టి సంతకు పంపేవారు.

పేరిందమ్మ అనే ముసలావిడకూ ఒక మైనా ఉండేది. ఈమధ్య ఆవిడకు మతిమరుపు మొదలయింది. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్ళేది. తాళంచెవి కొంగున కట్టుకుని ఇల్లంతా వెతికేది. అందుకని పొద్దున్నే మైనా చెవిలో ఆ రోజు పనులన్నీ చెప్పి, వేళకు గుర్తు చేయించుకునేది. "పేరిందీ, పాలు" అని పిట్ట తన గొంతుతోనే తనను కసురుతుంటే ఆవిడకు నవ్వొచ్చేది.

అయితే ఆ పిట్ట మీద ఆవిడకు ప్రాణం అందుకు కాదు. అందులో అక్క గొంతు ఉంది.

పేరిందమ్మ అక్క పేరు నాంచారమ్మ. చిన్నప్పుడు ఇద్దరూ తిరగలికి అటొకరు ఇటొకరు కూర్చుని, ఒకే పిడి పట్టుకుని కందులు విసిరేవారు. అక్క ఒక చరణం పాడితే చెల్లి బదులు చరణం పాడాలి. అక్క ఏ మాటతో ఆపితే చెల్లి ఆ మాటతోనే అందుకోవాలి. అలా ఆరు చరణాలు. మూడు అక్క వంతు, మూడు చెల్లి వంతు. చివరికొచ్చేసరికి పాట మళ్ళీ మొదటికి చేరుతుంది, తిరగలిలాగే. అది వాళ్ళమ్మ కట్టిన పాట. ఇంకెవరికీ రాదు.

నాంచారమ్మ పోయేముందు ఒకనాడు మైనాను ఒళ్ళో పెట్టుకుని తన వంతు చరణాలు మూడూ పాడింది. ఒక్కొక్క చరణం తరవాత చెల్లి కోసం కాస్త ఆగింది. అప్పటినుంచి పేరిందమ్మ సాయంత్రం దీపం పెట్టగానే పిట్ట గొంతు నిమిరేది. అక్క పాడేది. తాను బదులు పాడేది. ఆ కాసేపూ ఇంట్లో కందిపప్పు వాసన వచ్చినట్టుండేది.

ఒక సాయంత్రం మైనా "కందులు పోసి" అని, గరగరమని, ఆగిపోయింది. ఎంత నిమిరినా పలకలేదు.

పేరిందమ్మ తన వంతు తాను పాడుకోబోయింది. నోట ఒక్క మాటైనా రాలేదు. అక్క అందివ్వనిదే తనకు అందదు. నాలుగు రోజులు పోతే ఇలాంటి పాట ఒకటుందన్న సంగతి కూడా పోతుందేమో. ఆ భయంతో ఆవిడకు ఆ పూట అన్నం సయించలేదు.

పిట్టను కొన్నది గవరయ్య అంగడిలో. గవరయ్య పడుచువాడుగా ఉన్నప్పుడు అది చిన్న కొట్టు. అమ్మేదీ ఆయనే, చెడితే బాగుచేసేదీ ఆయనే. పని కాగానే వచ్చినవాళ్ళకు ఆకూ వక్కా పెట్టి సాగనంపేవాడు. ఇప్పుడది మూడంతస్తుల మేడ. కిటికీకొక గుమాస్తా. గవరయ్య పై అంతస్తులో ఉంటాడు, ఎవరికీ కనబడడు.

ఆ దేశంలో ఒక ఆచారముంది. తాంబూలం చేతిలో పడిందంటే మాట ముగిసినట్టే. పుచ్చుకున్నాక మళ్ళీ తగువాడకూడదు. పెద్ద గుమాస్తా గడుసువాడు. పని చేసి తాంబూలం ఇవ్వడం కంటే, తాంబూలమిచ్చి పని తప్పించుకోవడం తేలికని కనిపెట్టాడు. అప్పటినుంచి ఆ మేడలో పనిముట్ల ఖర్చు తగ్గి తమలపాకుల ఖర్చు పెరిగింది.

పేరిందమ్మ పిట్టను కొంగులో చుట్టుకుని మేడకు వెళ్ళింది. మొదటి కిటికీ దగ్గర గుమాస్తా లేచి నిలబడి దండం పెట్టాడు. పేరేమిటన్నాడు, ఏ వీధి అన్నాడు, పిట్టకు ఏమయిందన్నాడు. అంతా విని, అయ్యో అని, రెండో కిటికీకి పంపాడు. అక్కడ మరొకడు మజ్జిగ ఇచ్చి, పేరేమిటి, ఏ వీధి, పిట్టకు ఏమయింది అన్నాడు. మూడో కిటికీలోనూ అవే ప్రశ్నలు. చివరకు పెద్ద గుమాస్తా వెండిపళ్ళెంలో తాంబూలం చాచాడు. తాంబూలమిస్తుంటే చేతులు వెనక్కి ఎలా తీస్తాం? కళ్ళకద్దుకుని పుచ్చుకుంది. వీధిలోకి వచ్చాక గాని పిట్ట ఇంకా మూగగానే ఉందని తోచలేదు.

రెండోసారి వెళ్ళింది. మళ్ళీ పేరు, మళ్ళీ వీధి. ఈసారి పెద్ద గుమాస్తా గంభీరంగా గడ్డం నిమురుకుని, పిట్టను ఒక రాత్రి బోర్లించి గుడ్డ కప్పి నిద్రపుచ్చమన్నాడు. తెల్లారి లేపితే అన్నీ సర్దుకుంటాయన్నాడు. అందరికీ అదే చెబుతున్నాడని పక్క వరుసలో ఎవరో గొణిగారు. చెప్పడం అయిందో లేదో, తాంబూలం చేతిలో పడింది. పేరిందమ్మ ఆ రాత్రి పిట్టకు మెత్తని పాతచీర కప్పింది. తెల్లారి నిమిరింది. గరగరమని కూడా అనలేదు.

మూడోసారి వెళ్ళింది. అప్పటికి ఆవిడకు భయం ముదిరింది. పాట ఎత్తుగడ కందులతోనా, పెసలతోనా అని దారిలో అనుమానం వచ్చి నడివీధిలో నిలబడిపోయింది.

ఆనాడు వరుసలో ఆవిడ ముందు సోములనే పాలవాడు ఉన్నాడు. అతనిది తనంతట తాను విచ్చుకునే గొడుగు. విచ్చుకున్నది మళ్ళీ ముడుచుకోవడం లేదు. ఇంట్లోకి పక్కవాటంగా వెళ్ళాల్సి వస్తోందని, పెళ్ళాం వసారాలోనే పడుకోమంటోందని చెప్పాడు. వెనక గాజులమ్మే బంగారి ఉంది. ఆమెది తనంతట తాను ఊగే ఉయ్యాల. అది ఆగడం లేదు. పిల్లను దించుకునేందుకు అత్తా కోడలూ చెరో పక్కా కాపు కాయాల్సి వస్తోందట.

"నాకు ఇది అయిదో తాంబూలం పిన్నమ్మా," అన్నాడు సోములు. "గొడుగు ముడవకపోయినా నోరు మాత్రం బాగా పండింది."

పెద్ద గుమాస్తా ఈసారి పేరిందమ్మకు కొత్తమైనా చూపించాడు. పచ్చరాళ్ళ కళ్ళు, పట్టుకుచ్చు తోక. పాతది ఇక్కడ వదిలేసి ఇది తీసుకెళ్ళమన్నాడు. ఇది ఏడు భాషలు పలుకుతుందన్నాడు.

"బాగుంది నాయనా," అంది పేరిందమ్మ. "దీనికి మా అక్క తెలుసా?"

గుమాస్తా ఆ ప్రశ్న విననట్టే నవ్వి, తాంబూలం పళ్ళెం చాచాడు.

పేరిందమ్మ చేతులు అలవాటుగా లేచాయి. లేచిన చేతులను ఆవిడ పిట్ట చుట్టూ చుట్టేసుకుంది.

"నా పని కాలేదు బాబూ. కాని పనికి తాంబూలం పుచ్చుకోను. అయ్యేదాకా ఈ గడప దగ్గరే కూర్చుంటాను."

ఆ మేడలో తాంబూలం కాదన్నవాళ్ళు అంతవరకూ లేరు. గుమాస్తా బతిమాలాడు. పండు మార్చి పెద్దపండు పెట్టాడు. ఆవిడ కదల్లేదు. అది చూసి సోములు తన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. బంగారి కొంగులో దాచుకుంది. వరుసలో ఉన్నవాళ్ళంతా ఒకరి తరవాత ఒకరు చేతులు కట్టుకుని నిలబడ్డారు. పళ్ళేలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి.

వచ్చినవాళ్ళు తాంబూలం పుచ్చుకోకుండా అంగట్లో ఉంటే యజమాని అన్నానికి కూర్చోకూడదు. అదీ ఆచారమే. మధ్యాహ్నం దాటింది. పై అంతస్తులో విస్తరి వేసి గవరయ్య ఎదురుచూశాడు. చూసి చూసి, ఆకలికి ఆగలేక, చాలా ఏళ్ళ తరవాత మెట్లు దిగి వచ్చాడు.

ఆయన కూడా మొదట తియ్యగానే మాట్లాడాడు. ఎంతో బాధగా ఉందన్నాడు, తమకు వచ్చినవాళ్ళే దేవుళ్ళన్నాడు. ఆ మాటలు గుమాస్తాలకు నేర్పింది ఆయనే. పేరిందమ్మ అంతా విన్నాక పిట్టను ఆయన చేతిలో పెట్టింది.

"పేరు అడగొద్దు, వీధి అడగొద్దు. దీని గొంతు దగ్గర చెవి పెట్టి ఒక్కసారి వినండి."

గవరయ్య చెవి పెట్టాడు. కీలు మెల్లగా తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. ఆయన ముఖంలోని అంగడినవ్వు కొద్దికొద్దిగా పోయింది. కండువా తీసి పక్కన పెట్టి నేలమీద చతికిలబడ్డాడు. పనిముట్లు తెమ్మన్నాడు. అవి ఎక్కడున్నాయో గుమాస్తాలలో ఒక్కరికీ తెలియలేదు. వెతగ్గా వెతగ్గా తమలపాకుల బుట్టల అడుగున దొరికాయి.

పిట్ట పొట్ట విప్పి గవరయ్య చాలాసేపు చూశాడు.

"ఇది నా చేత్తో చేసిన పిట్టే. మీకు అబద్ధం చెప్పనమ్మా," అన్నాడు. "తిత్తి ఎండి చిట్లింది. కొత్త తిత్తి వేస్తే పిట్ట పలుకుతుంది గాని మీ అక్క పలకదు. దీన్నే నూనెతో మెత్తబరిస్తే మీ అక్క పలుకుతుంది. ఒక్కసారి మాత్రమే. ఆపైన చినిగిపోతుంది."

పేరిందమ్మ చిట్లిన తిత్తి వంక దిగులుగా చూసింది. అయినా ఇన్ని కిటికీలలో తనతో నిజం చెప్పిన మొదటి మనిషి ఈయనే కదా అనిపించి, కొంత ఊరట కూడా కలిగింది.

ఆలోచించింది. ఒక్కసారి వింటుంది, సరే. ఇల్లు చేరేలోగా మరిచిపోతే? తన బుర్ర తనకు తెలుసు. ఓటికుండ. ఓటికుండలో నీళ్ళు ఎంతసేపని మోస్తుంది?

తలెత్తి చూస్తే వరుసలో ఇందరు మనుషులు. అందరికీ చెవులున్నాయి.

"సోములూ, మా అక్క పాడే మొదటి చరణం నువ్వు విని పెట్టుకోవాలి. రెండోది బంగారీ, నీది. మూడోది మీది బాబూ," అని గవరయ్యతో అంది. "నా వంతు నాదే. నాకొచ్చిన మతిమరుపు మీకెవరికీ ఇంకా రాలేదుగా?"

గవరయ్య తిత్తికి నూనె రాశాడు. పేరిందమ్మ గొంతు నిమిరింది. అంగట్లో ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

"కందులు పోసితి చెల్లెలా, కదిలించవే రాయి," అని పాడింది నాంచారమ్మ గొంతు.

పేరిందమ్మ పెదవులు వాటంతటవే కదిలాయి. "రాయి కదిలిందక్క, కందె నా చేయి."

"చేయి కందిన పిల్ల చేరేను అత్తిల్లు."

"అత్తింట నేనుంటే అక్క వంతెవరిది?"

"ఎవరిది ఏమిటే, లేదా వీధంత?"

అంతే. లోపల తోలు చినిగిన చప్పుడు అందరికీ వినబడింది. మైనా మెడ వాలిపోయింది.

ఈ చరణం ఆవిడ ఇన్నాళ్ళూ రోజూ విన్నదే. అక్క వేళాకోళంగా పాడేది, తానూ నవ్వేసేది. ఈనాడు నవ్వు రాలేదు. కళ్ళు తుడుచుకుంటూ ఆఖరి వంతు మెల్లగా పాడింది. "వీధంత పాడితే విసురుదాం కందులు."

కందులతో పాట మొదటికి రావాలి. ఇక అందించే అక్క లేదు. పేరిందమ్మ తల వంచుకుంది.

అప్పుడు విచ్చుకున్న గొడుగు కింద నుంచి సోములు, గొంతు సవరించుకుని, పాలవాడి మొరటు రాగంతో ఎత్తుకున్నాడు. "కందులు పోసితి చెల్లెలా, కదిలించవే రాయి."

పేరిందమ్మ అందుకుంది. బంగారి అందించింది. గవరయ్య తన వంతు వచ్చేసరికి సిగ్గుపడ్డాడు, అయినా పాడాడు. రెండో చుట్టుకు వరుసంతా కలిసింది. మూడో చుట్టుకు పెద్ద గుమాస్తా పెదవులు కూడా కదిలాయని చూసినవాళ్ళు చెప్పుకున్నారు.

గవరయ్య ఆ పూట గొడుగు ముడిచాకనే, ఉయ్యాల ఆపాకనే అన్నానికి లేచాడు. పేరిందమ్మ పిట్టకు కొత్త తిత్తి వేశాడు. అది "పేరిందీ, పాలు" అని కసిరే పని మళ్ళీ మొదలుపెట్టింది. మరునాటినుంచి ఆ మేడలో పనిముట్లు ముందు, పళ్ళెం తరవాత.

ఏళ్ళు గడిచాయి. పేరిందమ్మ చాలా మరిచింది. పిట్టకు కీలెక్కడో మరిచింది, ఏ నెలో మరిచింది, ఒక్కొక్కప్పుడు తన గుమ్మం దాటి ముందుకు వెళ్ళిపోయేది. అలా దిక్కు తెలియక నిలబడ్డప్పుడు, పాలబిందె దించుతున్న అరుగుమీదనుంచో గాజులమలారం వెనకనుంచో ఎవరో ఒకరు "చేయి కందిన పిల్ల" అని అక్క వంతు అందించేవారు. ఆవిడ ముఖం వెలిగేది. బదులు చరణం, ఒక్క మాట తప్పకుండా, నోటికొచ్చేది. పాడుకుంటూ పాడుకుంటూ పాట వెంటే ఇల్లు చేరేది.

చెవి ఒగ్గి వినడమే అన్నిటికన్నా పెద్ద మర్యాద. పదిమంది విని దాచుకున్న మాట ఎన్నటికీ పోదు.