అడీనాను ఎవరు పిలిచారు?

అనగా అనగా ఏడు సముద్రాలు. ఏడూ దాటి ఇంకాస్త ముందుకు పోతే ఒక దీవి. దాని పేరు జమైకా. మన సముద్రపొడ్డు ఊళ్ళనుంచి ఒకప్పుడు చెరకు తోటల్లో కూలికి ఓడెక్కినవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. వస్తూ వస్తూ మూటలేం తేలేదు, ఈ కథ తెచ్చారు. పిల్లలూ, ముందే చెబుతున్నా, ఇది భయం కథ. భయమేస్తే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి. పెద్దవాళ్ళు కూడా పట్టుకోవచ్చు, నేనేం నవ్వను.

ఆ దీవిలో కొండమీద ఒక ఊరు. అసలు పేరు మనకు నోరు తిరగదు గానీ కొండూరు అనుకుందాం. కొండూరి వాళ్ళ పంట పెండలం. పెండలం వెయ్యాలంటే చేనంతా తవ్వి మట్టి కుప్పలు పోయాలి. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అందుకని ఇవాళ నీ చేలో అందరం, రేపు నా చేలో అందరం. వరసగా నిలబడి పారలు ఎత్తుతారు. ఒక్క మనిషి మాత్రం పార పట్టదు. గట్టు మీద నిలబడి పాట ఎత్తుకుంటుంది. పాటలోనే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తుంది.

"ఉన్నావా, రూబెన్, ఉన్నావా?"

"ఉన్నా, ఉన్నా!"

బదులుతో పాటు పార దిగుతుంది. ఎవరైనా బదులు పలకకపోతే ఎండదెబ్బ తగిలిందేమోనని పని ఆపి చూస్తారు. పిలిచే మనిషిని మాత్రం ఎవరూ పిలవరు. ఎందుకు పిలవాలి, గొంతు వినబడుతూనే ఉందిగా? ఆ ఊళ్ళో ఎప్పటినుంచో అదే పద్ధతి.

ఆ ఊళ్ళో అడీనా అని ఒక పిల్ల ఉండేది. తండ్రి లేడు. ఊరికి పైన, కొండ కొమ్మున, తల్లీ కూతుళ్ళ గుడిసె ఒక్కటే. అడీనా పిరికి పిల్ల. కప్ప ఎగిరినా ఉలిక్కిపడేది.

ఒక ఏడు పెనుగాలి వచ్చింది. సముద్రపొడ్డు వాళ్ళం, గాలివాన అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ గాలికి అడీనా మంచం కిందికి దూరి చెవులు మూసుకుంది. పెరట్లోంచి పరుగెత్తుకొచ్చిన తల్లికి పిల్ల కనబడలేదు.

"అడీనా, ఉన్నావా తల్లీ?" అని పిలిచింది. అడీనాకు వినబడింది. భయంతో నోరు పెగల్లేదు. తల్లి రెండోసారి పిలిచింది. నోరు పెగల్లేదు. మూడోసారి పిలిచింది. అప్పటికీ పెగల్లేదు. పిల్ల బయట ఉండిపోయిందనుకుని తల్లి గాలిలోకి వెళ్ళింది. మళ్ళీ రాలేదు.

పాపం చిన్నపిల్ల, దాని తప్పేముంది? ఊరంతా అదే మాట చెప్పింది. అడీనా మాత్రం ఆ మాటకు ఎప్పుడూ తలూపలేదు. ఆ రోజునుంచి ఆమెకు ఒక్కటే పని. పొద్దుగూకే వేళకు ఇల్లిల్లూ తిరిగి, "ఉన్నారా? అందరూ ఉన్నారా?" అని అడిగి, బదులు వినిగానీ ఇంటికి పోయేది కాదు.

ఆమె పెద్దదయ్యేసరికి చేలో పిలిచే ముసలాయన పోయాడు. కొత్తగా ఎవరు పిలుస్తారు? అందరూ అడీనా వైపు చూశారు. ఆమెకు కాళ్ళు వణికాయి. కడుపులో తిప్పింది. గొంతు మాత్రం నిలబడింది. ఆ గొంతుకు పారలు వాటంతట అవే లేచినట్టు లేచాయట. వంద కుప్పలు పడాల్సిన చోట రెండు వందలు పడ్డాయంటారు. కొంచెం పెంచి చెబుతున్నారేమో, నేను లెక్కపెట్టలేదు.

పెండలం బుట్ట నెత్తిన పెట్టుకుని అడీనా రేవుపట్నం సంతకు పోయేది. తోడుగా రూబెన్. ఆ దీవిలో కాస్త పెద్దవాళ్ళను ఆడవాళ్ళయితే మిస్ అనీ, మగవాళ్ళయితే మాస్ అనీ పిలుస్తారు, మనం అక్క అనీ బావ అనీ అన్నట్టు. మాస్ రూబెన్ దగ్గర ఒక చెక్కపెట్టె ఉండేది. దానికి ఇనపబద్దలు బిగించి, పెట్టె మీదే కూర్చుని, వంగి వేళ్ళతో మీటేవాడు. బొంయ్ బొంయ్ మని పలికేది.

"సంతలో పాడరాదూ, మిస్ అడీనా?" అన్నాడు ఒకరోజు.

"ఎవరు వింటారు? ఇది చేలో పాట."

నిజమే మరి. అప్పట్లో ఆ పట్నంలో పాటంటే దొరల పాట. దొరల భాషలో, మంచు గురించి. ఆ దీవిలో మంచు చూసిన మొహం ఒక్కటి లేదు. ఇంట్లో మాట్లాడే భాషలో నలుగురి ముందు పాడటమంటే మట్టి బట్టలతో పెళ్ళికి పోయినట్టే.

అడీనాకు కాళ్ళు వణికాయి. కడుపులో తిప్పింది. గొంతు మాత్రం నిలబడింది. ఎదురుగా చేపలమ్మే ఆమె పేరు అడిగి తెలుసుకుని పాట ఎత్తుకుంది. "ఉన్నావా, కెజాయా, ఉన్నావా?"

చేపలమ్మే ఆమె మొహం పాలిపోయింది. బీదవాళ్ళను పేరు పెట్టి పిలిచేది పోలీసొక్కడే. పేరు వినబడిందంటే ఏదో మూడిందన్నమాట. సంతంతా నోరు మూసుకుంది. అడీనా మళ్ళీ పిలిచింది. ఈసారి పాటలో ఆమె చేపల్నీ, ఆమె గొంతునీ, వంకరపోయిన ఆమె తక్కెడనీ కలిపింది. ఎవరో కిసుక్కున నవ్వారు. కెజాయా కూడా నవ్వేసింది. "ఉన్నా తల్లీ, ఎక్కడికి పోతా," అంది. ఆనాటినుంచి అడీనా పాటలో తమ పేరు పడాలని జనం తోసుకునేవాళ్ళు.

పాట సంతలోంచి వీధుల్లోకి పోయింది. వీధుల్లోంచి దొరల సభామందిరం దాకా పోయింది. ఆ మందిరంలో అలాంటి మనిషి ఎవరూ అంతకుముందు పాడలేదు. ముందు వరసల్లో దొరలు. వెనక గోడవారగా వాళ్ళ బండివాళ్ళూ, వంటవాళ్ళూ, ఆయాలూ. అడీనాకు కాళ్ళు వణికాయి. కడుపులో తిప్పింది. గొంతు మాత్రం నిలబడింది. ఆమె దొరలను పిలవలేదు. గోడవారగా నిలబడ్డ వాళ్ళను పిలిచింది. దొరసాని ముందు నోరెత్తితే రేపు పని ఉంటుందా? ఎవరూ పలకలేదు. ఆ నిశ్శబ్దంలో అడీనాకు చచ్చేంత భయమేసింది, బదులు రాకపోవడమంటే ఆమెకు మొదటినుంచీ అంతే. మూడోసారి పిలిచాక ఒక ముసలి ఆయా కళ్ళు మూసుకుని, "ఉన్నా," అంది. ఆ వెంటనే గోడ పొడుగునా అందరూ అందుకున్నారు. ఆమె తర్వాత ఎంతమంది పాటగాళ్ళు ఇంటి మాటలతో ఆ మెట్లెక్కారో లెక్కలేదు. మొదట ఎక్కింది మాత్రం అడీనా.

ఓడ యజమాని ఒకాయన వచ్చి, "నాతో రా, అవతలి దేశాల్లో నిన్ను రాణిని చేస్తాను," అన్నాడు.

"గాలులు పుట్టే నెలల్లో నేను మా ఊళ్ళో ఉండాలి బాబూ," అంది.

"ఎందుకూ?"

"గాలి వస్తే అందర్నీ పిలవాలి."

ఆయనకు అర్థం కాలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చేతులు పట్టుకోండి.

ఒక ఏడు ఆ నెలల్లో ఒకనాటి పొద్దున్నే ఆకాశం రాగిచెంబు రంగుకు తిరిగింది. సముద్రం మీద తిరగాల్సిన పక్షులు కొండమీదికొచ్చి వాలాయి. మధ్యాహ్నానికి దీపం పెట్టుకోవాల్సినంత చీకటి. ఉత్తరం నుంచి గాలి దిగింది. సీమపనస చెట్లు వేళ్ళతో సహా లేచాయి. ఇళ్ళ మీది రేకులు కత్తుల్లా ఎగిరాయి. ఎవరింట్లో వాళ్ళు స్తంభాలు పట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నారు. ఎంతసేపో ఎవరికీ తెలియదు.

ఉన్నట్టుండి గాలి ఆగింది. ఆకు కదల్లేదు. పైన గుండ్రంగా నీలం ఆకాశం కనబడింది. తెలియనివాళ్ళు గండం గడిచిందనుకుంటారు. తెలిసినవాళ్ళకు అప్పుడే అసలు భయం. అది తుఫాను కన్ను. కన్ను దాటాక రెండో గాలి వస్తుంది, ఎదురు దిక్కునుంచి, మొదటిదానికంటే ఘోరంగా.

ఆ నిశ్శబ్దంలో కొండ కొమ్మునుంచి అడీనా గొంతు వినబడింది. చేలో పాడినట్టే నిండుగా, హుషారుగా ఉంది.

"ఉన్నావా, రూబెన్, ఉన్నావా?"

"ఉన్నా, ఉన్నా!"

"పిల్లల్ని తీసుకుని గానుగ ఇంటికి నడు. రెండో గాలి వస్తోంది."

గానుగ ఇల్లంటే లోయలో ఉన్న పాత రాతికట్టడం. ఎప్పుడో చెరకు ఆడిన చోటు, మూరెడు మందం గోడలు. అడీనా ఇల్లిల్లూ పేరు పేరునా పిలిచింది. ఒక్కొక్కరూ పలికారు. పలికినవాళ్ళు లోయలోకి దిగారు. ఒక ముసలాయన పలకలేదు. పక్కింటివాళ్ళు పరుగెత్తి గోడ కిందనుంచి లాగి భుజాన వేసుకున్నారు.

తర్వాత క్లారిస్ పేరు వచ్చింది. ఆరేళ్ళ పిల్ల. పలకలేదు. రెండోసారీ పలకలేదు. వాళ్ళమ్మ జుట్టు పీక్కుంటూ వాగు వైపు పరుగెత్తింది.

"వాగు వైపు పోకమ్మా," అని పైనుంచి అడీనా అరిచింది. "భయపడ్డ పిల్ల ఇంట్లోనే ఉంటుంది. నాకు తెలుసు. ఆగు." తర్వాత గొంతు తగ్గించింది. అయినా లోయంతా వినబడింది. "క్లారిస్, భయంగా ఉందా అమ్మా? నాకూ ఉంది. భయం పోనక్కర్లేదు. భయపడుతూనే బదులు చెప్పు. ఉన్నావా?"

కూలిన వంటింట్లో, పిండిపీపాలోంచి చీమ గొంతుతో వినబడింది. "ఉన్నా."

తల్లి పిల్లను ఎత్తుకుని కిందికి ఉరికింది. దక్షిణం వైపు ఆకాశం నల్లబడుతోంది. రూబెన్ అందరినీ లోపలికి తోసి వెనక్కి తిరిగాడు.

"మిస్ అడీనా, పైకి రానా?" అని కేకేశాడు.

"రావద్దు. తలుపు దగ్గర ఉండు. నేను వెనకాలే దిగుతున్నా."

ఆ గొంతులో తేడా ఏమీ లేదు. రూబెన్ నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు చెప్పండి?

గానుగ ఇంట్లో జనం ఒకరి మీద ఒకరు పడి ఏడ్చారు, నవ్వారు. అందర్నీ పిలిచారు, అందరూ పలికారు, ఒక్కరూ తగ్గలేదు అనుకున్నారు. అప్పుడు తల్లి చంకలోంచి క్లారిస్ తలెత్తింది.

"అమ్మా, మరి అడీనా అత్తని ఎవరు పిలిచారు?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతమందిలో ఆమెను పిలవాలని ఒక్కరికి తోచలేదు. రూబెన్ తలుపు మీదికి దూకాడు. గడియ తీసేలోగా దక్షిణపు గాలి వచ్చి తలుపుకు కొట్టుకుంది. నలుగురు మగవాళ్ళు కలిసి తోసినా జానెడుకు మించి తెరుచుకోలేదు. ఆ సందులో నోరు పెట్టి రూబెన్ అరిచాడు. "ఉన్నావా, అడీనా, ఉన్నావా?" వెనక ఊరంతా అరిచింది. పిల్లలు కూడా అరిచారు. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. గాలి తగ్గేదాకా అరుస్తూనే ఉన్నారు. కొందరికి ఆ తర్వాత నెలదాకా గొంతు రాలేదట.

గాలి తగ్గాక పైకి పోయారు. గుడిసె లేదు. దూలం కింద అడీనా ఉంది. ఊపిరి లేదు.

రూబెన్ ఆ దూలాన్ని చాలాసేపు చూశాడు. దక్షిణం గాలికి కూలినవన్నీ ఉత్తరానికి తల పెట్టి పడి ఉన్నాయి. ఆ దూలం మాత్రం దక్షిణానికి పడి ఉంది. అంటే మొదటి గాలికే పడింది. రూబెన్ అక్కడే కూలబడ్డాడు. ఆమె అందర్నీ పిలిచేటప్పటికే నడుం కిందినుంచి దాని కింద ఇరుక్కుపోయి ఉంది. ఈసారి కాళ్ళు వణకలేదు, వణకడానికి వీల్లేదు. రమ్మంటే ఇద్దరో ముగ్గురో పైకి వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళను రెండో గాలి పట్టుకునేది. తనను వెతుక్కుంటూ ఒక మనిషి గాలిలోకి వెళ్ళడం ఆమె ఒకసారి చూసింది. ఎంత భయపడిందో పాపం అడీనా. భయం లేదని మాత్రం నేను చెప్పను, మొదటినుంచీ ఆమె పిరికిది.

ఊరు ఆమెను పెండలం చేను గట్టు మీదే పూడ్చింది. పట్నం సంతకు ఆరోజు సెలవు. కెజాయా చేపల బుట్ట నెత్తినుంచి దించకుండానే కొండెక్కి వచ్చింది. దొరల ఇళ్ళలో ఆయాలు చెప్పకుండా వచ్చేశారు.

ఇక కథ ఓడెక్కి తన దీవికి పోయింది. అక్కడ ఇప్పటికీ ఒక పద్ధతి నడుస్తోందట. ఏ పాటగత్తె అయినా, ఎంత పేరున్నదైనా, మెట్లెక్కి నోరు తెరిచేముందు జనమే ఆమెను పేరు పెట్టి పిలుస్తారు. ఆమె ఉన్నాననాలి, అప్పుడే పాట. ఇక కొండూళ్ళో గాలి లేస్తే ఎవరో ఒకరు గట్టెక్కి ఊరందర్నీ పిలుస్తారు. అందరూ పలుకుతారు. తర్వాత ఊరంతా ఒక్క గొంతుతో, పిలిచిన ఆ మనిషిని పేరు పెట్టి పిలుస్తుంది. ఆ బదులు వినబడేదాకా ఎంత గాలైనా ఎవరూ తలుపు వెయ్యరు.