రివ్వి దాచిన పన్ను నొప్పి

అనగనగా ఒక కొండకూ ఏటికీ మధ్య పెద్ద అడవి ఉండేది. కొండ మీద ఒక లేళ్ళ మంద, ఏటి ఒడ్డున ఇంకో మంద. ఈ రెండు మందల మధ్య కబుర్లు మోసే పని ఒక పడుచు లేడిది. రివ్వున దూసుకుపోతుందని అందరూ దాన్ని రివ్వి అని పిలిచేవారు.

పులి ఎటు తిరుగుతోంది, ఏ మడుగులో నీళ్ళు మిగిలాయి, ఎక్కడ మంట రేగింది, ఏ కబురైనా రివ్వి మోయాల్సిందే. అది నోరు తెరుచుకుని రొప్పుతూ పరిగెత్తేది. ఏటి దగ్గరికి చేరేసరికి నాలుక ఎండుటాకులా అయిపోయేది.

దారిలో ఉన్నవాళ్ళందరికీ అదంటే ముద్దు. గుహ దగ్గర ఎలుగు మామ తేనెపట్టు ముక్క అందించేవాడు. ఇప్పచెట్ల మీది కోతులు పువ్వులు రాల్చేవి. వాగు పక్కన అడవిపంది ఈతపళ్ళు ఏరి పెట్టేది. రివ్వి ఎక్కడా నిలబడేది కాదు. అందినది బుగ్గన పెట్టుకుని, చప్పరిస్తూనే పరిగెత్తేది.

వాగు దగ్గర ఒక ముసలి దుప్పి ఉండేవాడు. రివ్వి కంటే ముందు కబుర్లు మోసింది ఆయనే.

"అమ్మాయ్, ఒక్క క్షణం ఆగు. రెండు గుక్కల నీళ్ళు పోసుకుని నోరు పుక్కిలించి పో" అన్నాడు ఒకరోజు.

"ఆగితే నా పరుగు చెడిపోతుంది తాతా!"

"మామూలప్పుడు ఉమ్మి ఊరి పళ్ళను కడుగుతూ ఉంటుందమ్మా. పరిగెత్తేటప్పుడు నోరు ఎండిపోతుంది, కడిగే ఉమ్మి ఉండదు. తిన్న తీపి పళ్ళ సందుల్లోనే ఉండిపోయి వాటిని తొలిచేస్తుంది. ఇదిగో, నా నోరు చూడు."

తాత నోరు తెరిచాడు. లోపల నాలుగే పళ్ళు ఉన్నాయి.

రివ్వికి జాలి వేసింది. కానీ, 'ముసలివాళ్ళ పళ్ళు ఊడకుండా ఉంటాయా!' అనుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు చల్లటి నీళ్ళు తాగితే దవడ పన్ను జివ్వుమంది. రివ్వి పట్టించుకోలేదు. తర్వాత ఎడమ వైపు నమలడం మానేసింది. ఆ తర్వాత చిగురు వాచి, గడ్డిపరక తగిలినా కళ్ళలో నీళ్ళు తిరిగేవి.

"ఏమే, మూడు రోజులుగా మేత ముట్టడం లేదు?" అని తల్లి అడిగింది.

"ఆకలి లేదమ్మా" అంది రివ్వి.

నిజం చెబితే తన పని చెంగికి ఇచ్చేస్తారని దాని భయం. చెంగి అదే మందలోని ఇంకో లేడి. రివ్వి అంత వేగం కాదు గానీ, బాగానే పరిగెత్తేది.

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం కొండ కింద మంట లేచింది. గాలి ఏటి వైపు వీస్తోంది. ఆ ఒడ్డున మేస్తున్న మందకు ఆ సంగతి తెలియదు.

మంద పెద్ద కంగారుగా వచ్చాడు. "రివ్వీ, వాళ్ళను వెంటనే ఏరు దాటించాలి. నీ ముఖం వాడిపోయి ఉంది. వెళ్ళగలవా? లేకపోతే చెంగిని పంపుతాను."

చెంగి పక్కనే నిలబడి ఉంది. రివ్వి దాని వైపు ఒకసారి చూసింది.

"నాకేం? నేనే వెళతాను" అంది.

గుహ దాటేవరకు బాగానే పరిగెత్తింది. తర్వాత అడుగు పడ్డప్పుడల్లా దవడలో సూది గుచ్చినట్టయింది. రోజుల తరబడి కడుపులో సరైన మేత లేదు. ఇప్పచెట్ల కిందకు వచ్చేసరికి కాళ్ళు వణికాయి. రివ్వి కూలబడిపోయింది. లేవబోయి మళ్ళీ పడింది.

కొమ్మ మీద ఒక గోరింక కనిపించింది.

"తల్లీ, నువ్వైనా వెళ్ళి చెప్పు. మంట వస్తోందని చెప్పు!" అని రివ్వి బతిమాలింది.

గోరింక ఎగిరి వెళ్ళి చెప్పింది. కానీ అది రోజూ అందరి గొంతులూ అనుకరించి ఆటపట్టించే పిట్ట. "నిజంగా మంటే అయితే రివ్వి వచ్చేది కదా" అంటూ మంద మేస్తూనే ఉంది. పొగ కళ్ళకు తగిలాక గానీ పరుగు తీయలేదు. అందరూ ఏరు దాటారు. అందరికంటే వెనకపడ్డ కపిలమ్మ అనే ముసలి లేడికి మాత్రం వెనక కాళ్ళు కాలాయి.

రివ్వి ఎలాగో పాకుతూ వాగు నీళ్ళలోకి చేరి మంట తప్పించుకుంది. మంట చల్లారాక దుప్పి తాత దాని నోరు చూశాడు. గోరింక ముక్కుతో లాగితే పుచ్చిన పన్ను ఊడి వచ్చింది. వారం తిరిగేసరికి వాపు తగ్గింది. రివ్వి మళ్ళీ మేత మేసింది.

"పాపం, పొగ అడ్డం వచ్చి ఆగిపోయి ఉంటుంది" అని ఏటి మంద వాళ్ళు చెప్పుకున్నారు. ఒక్కరూ నిందించలేదు. ఆ మాట విన్నప్పుడల్లా రివ్వికి తల ఎత్తబుద్ధి కాలేదు. చివరికి కపిలమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అవ్వా, పొగ నాకు అడ్డం రాలేదు. పన్ను నొప్పితో పడిపోయాను. ఎన్నాళ్ళుగానో నొప్పి ఉంది. పని పోతుందని దాచాను."

 కపిలమ్మ కాలిన కాలును మెల్లగా పక్కకు జరుపుకుంది.

"పన్ను పుచ్చడం ఎవరికైనా జరుగుతుంది తల్లీ. కానీ ఆ రోజు చెంగి నీ పక్కనే ఉంది కదా! ఒక్క మాట చెప్పి ఉంటే అది వచ్చేది."

రివ్వి ఏడ్చింది. కపిలమ్మ దాని నుదురు నాకింది. అవ్వ కాళ్ళు మాత్రం మళ్ళీ మునుపటిలా బాగుపడలేదు.

తర్వాత రివ్వి తన పరుగు మార్చుకుంది. వాగు కనబడితే ఆగి నోరు పుక్కిలించేది. ఇల్లు చేరి కాసేపయ్యాక వేప పుల్ల నమిలేది.

"నా తేనె చేదయిందా?" అని ఎలుగు మామ చిన్నబుచ్చుకున్నాడు.

"లేదు మామా. పరుగు అయ్యాక వచ్చి నీ పక్కన కూర్చుని తింటాను. తిన్నాక నీళ్ళు తాగుతాను" అంది రివ్వి.

పరుగుకు ముందు రివ్వీ, చెంగీ ఎదురెదురుగా నిలబడి నోళ్ళు తెరిచి ఒకరి పళ్ళు ఒకరు చూసుకునేవారు. ఒక తెల్లవారుజామున రివ్వి చిగురు ఎర్రగా కనిపించింది.

"నొప్పిగా ఉందా?" అని చెంగి అడిగింది.

"ఉంది" అంది రివ్వి. "ఈ రోజు నువ్వు వెళ్ళు."

నీతి: పరిగెత్తేవారికి కాళ్ళతో పాటు నోరూ బాగుండాలి. తీపి తిన్నాక నోరు కడుక్కోవాలి, నొప్పి మొదలైన రోజే చెప్పాలి. మనం దాచిన నొప్పి మనల్ని నమ్ముకున్నవారికి కూడా హాని చేస్తుంది.